మొండితనం కాదు, బుగులు

పరకాల దగ్గరి నుంచి ఒక తల్లి అడిగారు. ఆమె మాటల్లోనే కుదించి పెడుతున్నాను: "మా బాబుకు 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి. ఐదేళ్లప్పుడు ఆటిజం అని చెప్పారు. మాటలు బాగానే వస్తాయి, లెక్కల్లో క్లాసులో ముందుంటాడు. జూన్‌లో బడి తెరిచిన కాడి నుంచి రోజూ పొద్దున కడుపునొప్పి అంటున్నాడు. 'రేపు బస్సు ఎవరు నడుపుతరు?' అని రాత్రి మొదలుపెడితే పొద్దున బస్సెక్కే దాకా అదే ప్రశ్న. చెప్తే వింటాడు, రెండు నిమిషాలకు మళ్లీ అడుగుతాడు. విసుక్కుంటే చెయ్యి కొరుక్కుంటాడు. బడిలో అడిగితే 'మీవాడంత బుద్ధిమంతుడు లేడు' అంటున్నారు. మా అత్తమ్మ మొండితనం అంటది. డాక్టర్ యాంగ్జైటీ అన్నారు. ఇది ఆటిజమా, యాంగ్జైటీయా? మందు వెయ్యాలా, వద్దా?"

అమ్మా, జవాబు పొడుగ్గా ఉంటుంది, తీరిక చూసుకుని చదవండి. నేను హన్మకొండలో 17 ఏళ్లుగా స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పని చేస్తున్నాను. అంతకు ముందు నుంచీ మా తమ్ముడికి అక్కను. వాడికిప్పుడు 34. వాడికి 16 ఏళ్లప్పుడు నేను ఈ కోర్సు చదువుతూ, పాఠంలో పేజీ తిప్పితే వాడే కనిపించాడు. అప్పటిదాకా వాడికి ఇంట్లో పేరు మంకు, బడిలో పేరు మెంటల్. అందుకే మీ అత్తమ్మ మాట నాకు కొత్త కాదు. మా అమ్మ కూడా అదే అనేది, ప్రేమ లేక కాదు. బయటికి కనబడేది మొండితనమే మరి. లోపల ఉన్నది బుగులు.

మన దిక్కు రంది వేరు, బుగులు వేరు. రంది అంటే దేని గురించో చెప్పగలం. బిడ్డ పెళ్లి రంది, అప్పు రంది, పత్తి ధర రంది. బుగులు అట్లా కాదు. అది కడుపులోంచి లేస్తుంది, గుండెను పట్టుకుంటుంది, కారణం మనం తర్వాత వెతుక్కుంటాం. డాక్టర్లు యాంగ్జైటీ అన్న ఒక్క మాటలో రెండింటినీ కలిపేస్తారు. నేను చూసిన ఆటిజం పిల్లల్లో, పెద్దల్లో ఎక్కువగా ఉన్నది బుగులే. అందుకే "ఎందుకు భయపడుతున్నవ్ చెప్పు" అని అడిగితే వాళ్ల దగ్గర జవాబు ఉండదు.

ఇక మీ మొదటి ప్రశ్న. ఆటిజమా, యాంగ్జైటీయా అంటే రెండూ. ఆటిజం ఉన్న పిల్లల్లో, టీనేజీ వాళ్లలో సుమారు 40 శాతం మందికి ఏదో ఒక రకం యాంగ్జైటీ, డాక్టరు దానికి విడిగా పేరు పెట్టగలిగేంత స్థాయిలో ఉంటుందని చాలా అధ్యయనాలను కలిపి తీసిన లెక్క. ఇది కొత్తగా కనిపెట్టిందీ కాదు. ఇవాళ మనం ఆటిజం అంటున్నదాన్ని తొలినాళ్లలో వివరించిన వాళ్లలో లియో కానర్ ఒకరు. 1943లో అమెరికాలో 11 మంది పిల్లల గురించి రాస్తూ, అన్నీ ఎప్పటిలాగే ఉండాలని వాళ్లు పట్టుబట్టడంలో ఆందోళన ఉందని ఆయన అప్పుడే గుర్తించాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు లోకం ఆ పట్టును చూసింది, దాని వెనకున్న ఆందోళనను వదిలేసింది.

రెండూ ఉన్నా, వాటిని విడదీసి చూడటం మీకు అవసరం. ఆటిజం మీవాడు పుట్టిన తీరు, అది పోయేదీ కాదు, పోగొట్టాల్సిందీ కాదు. యాంగ్జైటీ తగ్గుతుంది. తేడా పట్టుకోవడానికి నేను వాడే గుర్తు ఒకటే: ముందు లేనిది ఇప్పుడు వచ్చిందా? ఆటిజం జూన్‌లో రాదు. జూన్‌లో ఏదో మారింది. మీరు రాయలేదు కానీ, బస్సు డ్రైవర్ మారాడు, లేదా ఒక్కో రోజు ఒక్కొక్కరు వస్తున్నారు. నేను పందెం కాస్తాను.

డ్రైవర్ మారితే ఏమైంది అని మనకు అనిపిస్తుంది. మనకు మారింది ఒక మనిషి. మీవాడికి మారినవి ఇరవై. పాతాయన హారన్ తక్కువ కొట్టేవాడు, ఈయన ప్రతి మలుపు దగ్గరా కొడతాడు. పాతాయన పాటలు పెట్టడు, ఈయన సౌండ్ పెంచుతాడు. బ్రేకు వేసే తీరు వేరు, ఆపే చోటు రెండు అడుగులు అటూ ఇటూ. మీవాడు ముందు సీట్లో కూర్చునేవాడైతే ఈయన "వెనక్కి పో" అని ఉండొచ్చు. ఎదుటివాళ్ల మొహం, గొంతు చూసి "ఇతను మంచోడే" అని మనం ఒక్క నిమిషంలో తేల్చుకుంటాం. ఆ తేల్చుకోవడం ఆటిజం ఉన్నవాళ్లకు చాలా కష్టమైన పని. వాళ్లకు కొత్త మనిషి అంటే తెలియని కాగితం. పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం తెరిచే ముందు క్షణం మనకు ఎట్లా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. వాళ్లకు రోజులో అట్లాంటి క్షణాలు పదుల్లో ఉంటాయి.

అందుకే ఆ ప్రశ్న నలభై సార్లు. మీరు జవాబు చెప్పలేదని కాదు. మీరు చెప్పిన జవాబు ఇంకా మారకుండా ఉందా లేదా అని చూసుకుంటున్నాడు. రాత్రి తలుపు గొళ్లెం పెట్టామా లేదా అని మనం లేచి వెళ్లి చూసి వస్తాం చూడండి, అదే. జవాబు విన్న రెండు నిమిషాలు బుగులు దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. అప్పుడు మీరు "ఎన్నిసార్లు చెప్పాలె!" అన్నారనుకోండి, వాడికి అందేది ఒకటే: అమ్మ గొంతు మారింది, అంటే ఏదో మారబోతోంది. ఆ తర్వాతే చెయ్యి కొరుక్కోవడం.

ఇక్కడ మన ఇళ్లలో మాట్లాడే తీరు గురించి ఒక మాట. మనకు "చూద్దాం" అన్న మాట ఉంది. కాదు అనడం ఇష్టం లేక, అవును అనే ధైర్యం లేక అనే మాట అది. "ఇప్పుడే వస్తా" అని గంటకు వస్తాం. "ఐదు నిమిషాలు" అంటే ఎంతో దేవుడికే తెలియాలి. "ఆదివారం పోదాం తియ్" అంటే ఏ ఆదివారమో చెప్పం. మిగతా పిల్లలు మన గొంతును బట్టి "చూద్దాం అంటే లేదన్నట్టే" అని అర్థం చేసుకుని వదిలేస్తారు. మా తమ్ముడు వదలడు. చిన్నప్పుడు మా నాన్న "జాతరకు పోదామా, చూద్దాం" అన్న పాపానికి వాడు నాలుగు రోజులు చెప్పులేసుకునే పడుకున్నాడు. ఎప్పుడు పోతామో తెలియదు కదా, తయారుగా ఉండాలి కదా. మేం నవ్వాం. ఇప్పుడు ఆ సంగతి తలుచుకుంటే నాకు నవ్వు రాదు.

కాబట్టి మీ ఇంట్లో ముందు మార్చాల్సింది మీవాడిని కాదు, ఈ మాటలను. తెలిస్తే తెలుసు అనండి. తెలియకపోతే "నాకు తెలియదు, రేపు ఏడున్నరకు తెలుస్తుంది" అనండి. ఎప్పుడు తెలుస్తుందో చెప్పడం సగం మందు. నిజం కానిది మాత్రం ఊరట కోసం చెప్పకండి. "పాతాయనే వస్తడు బిడ్డా" అని నిద్రపుచ్చి, పొద్దున వేరే ఆయన వస్తే, ఆ తర్వాత మీరు చెప్పే నిజాలు కూడా చెల్లవు.

ఆ ప్రశ్నకు జవాబును నోటితో కాక కాగితం మీద ఇవ్వండి. మాట గాలిలో పోతుంది, గొంతును బట్టి మారుతుంది. కాగితం మారదు. ఒక కార్డు మీద వాడి చేతే రాయించండి: "బస్సు డ్రైవర్ ఎవరో ఏడున్నరకు తెలుస్తుంది. ఎవరు వచ్చినా బస్సు బడికే పోతుంది. ఎవరు వచ్చినా నా సీటు కిటికీ పక్కనే." ఆ సీటు సంగతి బడి వాళ్లతో ముందే మాట్లాడి ఖాయం చేసుకున్నాకే రాయాలి సుమా. వాడు అడిగినప్పుడు మొదటిసారి నోటితో చెప్పండి, రెండోసారి నుంచి నవ్వు మొహంతో కార్డు చూపించండి. మొదటి వారం అడగడం పెరుగుతుంది. భయపడకండి, గొళ్లెం ఇంకో నాలుగుసార్లు లాగి చూస్తున్నాడంతే.

కడుపునొప్పి గురించి. అది నాటకం కాదు. బుగులు పుట్టినప్పుడు ఒళ్లు నిజంగానే మారుతుంది, గుండె వేగం పెరుగుతుంది, పేగుల కదలిక మారుతుంది. పైగా చాలామంది ఆటిస్టిక్ వ్యక్తులకు లోపలి సంకేతాలను చదవడం కష్టం. ఆకలా, భయమా, మూత్రం వస్తోందా, జ్వరమా అన్నది విడివిడిగా తెలియదు. ఉన్న భావానికి పేరు పెట్టలేకపోవడాన్ని అలెక్సితీమియా అంటారు. అది ఆటిజం ఉన్న ప్రతివాళ్లకూ ఉండదు కానీ దాదాపు సగం మందిలో కనబడుతుంది. "ఏమనిపిస్తోంది నాన్నా?" అని అడిగితే "తెల్వదు" అంటారు. నిజంగానే తెలియదు. దాన్ని మనం పొగరు అనుకుంటాం.

మా తమ్ముడితో నేను ఇరవై రకాల బొమ్మలు ప్రయత్నించాను. నవ్వే మొహం, ఏడ్చే మొహం, ఎర్రరంగు, పచ్చరంగు. ఏదీ అంటలేదు. ఒకరోజు కరెంటు వచ్చి ఫ్యాను ఒక్కసారిగా జోరుగా తిరిగితే వాడు రెగ్యులేటర్ దగ్గరికి పోయి తగ్గించి, "నా లోపల ఐదు మీద తిరుగుతున్నది" అన్నాడు. అంతే, దొరికింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఫ్యాను లెక్కే. ఒకటి అంటే చల్లగా ఉన్నాడు. మూడు అంటే మాట్లాడించొచ్చు కానీ కొత్త పని చెప్పొద్దు. నాలుగు అంటే లేచి బయటికి పోవాలి, అడ్డు రావద్దు. ఐదు వచ్చాక మాటలు రావు, వేళ్లు మాత్రం చూపిస్తాడు. వాడు కాకతీయ యూనివర్సిటీ దిక్కు ఒక జిరాక్స్ షాపులో పని చేస్తాడు. పరీక్షల సీజన్లో జనం మీద పడతారు. షాపు యజమానికి కూడా ఈ లెక్క తెలుసు. వాడు నాలుగు వేళ్లు చూపిస్తే పది నిమిషాలు వెనక గదిలో బైండింగ్ పని ఇస్తాడు. మీవాడికి లెక్కలు, బస్సులు ఇష్టమైతే గేర్ల లెక్క పెట్టండి. వాడికి నచ్చిన వస్తువులోంచి రావాలి, నా ఫ్యాను మీకు పనికిరాకపోవచ్చు.

బడిలో బుద్ధిమంతుడు, ఇంట్లో ఇట్లా ఎందుకు అంటే, మీ పెంపకం లోపం అని ఎవరైనా చెబితే నమ్మకండి. బడిలో వాడు ఎనిమిది గంటలు తనను తాను బిగబట్టి కూర్చుంటున్నాడు. చేతులు ఊపాలనిపిస్తే జేబులో పెట్టుకుంటాడు, గోల భరించలేకపోయినా చెవులు మూసుకోడు, అర్థం కాకపోయినా అందరూ నవ్వినప్పుడు నవ్వుతాడు. దీన్ని మాస్కింగ్ అంటారు. ఆడపిల్లలు ఇది మరీ బాగా చేస్తారు, అందుకే చాలామందికి ఆటిజం అని తేలేసరికి పెళ్లీడు వస్తుంది, కొందరికి అప్పుడు కూడా తేలదు. బిగబట్టిన ఊపిరి ఎక్కడో వదలాలి, వదలడానికి భయం లేని చోటు మీ ఇల్లు. బడి నుంచి రాగానే "హోంవర్క్ ఏంది, ఏం జరిగింది" అని అడగకండి. ఒక అరగంట ఏమీ అడగకుండా, ఇష్టమైనది తిననిచ్చి, ఫ్యాను కింద వదిలేయండి. ఆ అరగంట పెట్టిన ఇళ్లలో సాయంత్రపు గొడవలు తగ్గడం నేను చాలాసార్లు చూశాను.

బుగులు అంతా ఆలోచనల నుంచే రాదు. చెవి, కన్ను, చర్మం నుంచి కూడా వస్తుంది. శబ్దం, వెలుగు, స్పర్శ వీళ్లకు ఎక్కువగానో తక్కువగానో తగలడాన్ని 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక సమస్యలను గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికా పుస్తకం) ఆటిజం లక్షణాల్లో చేర్చింది. మన దగ్గర పెళ్లంటే బరాత్, బరాత్ అంటే డీజే. గుండెల మీద కొట్టే ఆ బాస్ మనకే కష్టం. దావత్‌లో మేనత్త "నమస్తే పెట్టు, ముద్దు పెట్టు" అంటుంది, ఫంక్షన్ హాల్లో లైట్లు, పర్ఫ్యూమ్, ప్లేట్ల చప్పుడు. పిల్లాడు టేబుల్ కింద దూరితే "మనుషుల్లో కలవడు" అంటారు. వాడు కలవకపోవడం కాదు, మంటలోంచి బయటికి పోతున్నాడు. దూరిన చోట ఉండనివ్వండి. చెవులకు పెట్టుకునే శబ్దం తగ్గించే హెడ్‌ఫోన్లు కొనండి, ఎవరేమన్నా సరే. బతుకమ్మ రోజుల్లో వీధి చివర ఏ టైముకు స్పీకర్లు పెడతారో ముందే కనుక్కుని చెబితే, అదే శబ్దాన్ని సగం భయంతో దాటుతారు.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఇదే పొరపాటు చేయమని మీకు నలుగురూ సలహా ఇస్తారు. ఉద్యోగంలో నా మొదటి ఏడాది. ఏడేళ్ల పిల్లాడు, కటింగ్ షాపు అంటే ప్రాణం పోయేలా ఏడ్చేవాడు. "రెండుసార్లు గట్టిగా పట్టుకుని చేయిస్తే అలవాటైపోతుంది" అని తండ్రికి నేనే చెప్పాను. నేనే పక్కన నిలబడి చేతులు పట్టుకున్నాను. కటింగ్ అయింది. ఆ తర్వాత ఆరు నెలలు ఆ పిల్లాడు నేనున్న గదిలోకి అడుగు పెట్టలేదు. ఎవరి భుజం మీద తెల్లగుడ్డ కనబడినా పరుగు తీశాడు. భయాన్ని తగ్గించబోయి భయానికి నా మొహం అతికించాను.

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. వారం రోజులు షాపు ముందు నుంచి ఊరికే నడిచి పోవడం. తర్వాత గుమ్మం దగ్గర నిలబడి వాళ్ల నాన్న గడ్డం చేయించుకుంటుంటే చూడటం. మంగళవారం షాపు బందు ఉంటుంది కదా, ఆ అన్నను బతిమాలి మంగళవారం ఖాళీ షాపు తెరిపించి, కుర్చీలో కూర్చోబెట్టి గుండ్రంగా తిప్పాం. అది వాడికి నచ్చింది! కత్తెర చప్పుడు గాలిలో. ఆ తర్వాత ఒక్క వెంట్రుక. మొత్తం రెండు నెలలు పట్టింది. కానీ మిషన్ మాత్రం ఎన్ని మెట్లు కట్టినా దగ్గరికి రానివ్వలేదు. అప్పుడు నాకు అర్థమైంది, కుర్చీ, గుడ్డ, అద్దం ఇవన్నీ భయం. భయం మెట్టు మెట్టుగా దిగుతుంది. మిషన్ గుయ్యిమనడం వాడి చెవికి నొప్పి. నొప్పికి ఎవరూ అలవాటు పడరు. కత్తెరతోనే కానిచ్చాం, ఇప్పటికీ కత్తెరే. ఏది భయం, ఏది నొప్పి అన్నది విడదీయకుండా "అలవాటు చేయించండి" అనే ఎవరి మాటా వినకండి, థెరపిస్టు చెప్పినా సరే.

అట్లాగని బుగులు పుట్టించే ప్రతిదాన్నీ తప్పిస్తూ పోయినా లోకం చిన్నదైపోతుంది. ఈ రోజు బస్సు వద్దంటే మీ ఆయన బైక్ మీద దింపుతారు. రేపు బైక్ మీద వాన పడుతుంది. ఎల్లుండి బడే వద్దంటాడు. బస్సు మానిపించకండి, బస్సును వాడికి తెలిసిన వస్తువుగా మార్చండి. ఆటిజం ఉన్నవాళ్లకు తగినట్టు మార్చిన సీబీటీ (ఆలోచనలను, నడవడికను మెల్లగా మార్చే చికిత్స) అనే పద్ధతి ఇదే చేస్తుంది: మాటలు తక్కువ, రాతలు బొమ్మలు ఎక్కువ, తల్లిదండ్రులను కలుపుకుని, చిన్న మెట్లుగా. ఆ పేరు మీద వారానికోసారి కూర్చోబెట్టి "నీ ఆలోచనలు చెప్పు" అని మాత్రమే అడిగే చోట డబ్బు పోగొట్టుకోకండి.

ఒకవేళ ఐదో నంబరు దాటిపోతే? మెల్ట్‌డౌన్ అంటారు దాన్ని. మూడేళ్ల కిందట కాజీపేట స్టేషన్లో, చివరి నిమిషంలో ప్లాట్‌ఫాం మారిందని అనౌన్స్‌మెంట్ వచ్చింది. జనం ఒక్కసారిగా మెట్ల మీదికి ఉరికారు. మా తమ్ముడు బ్రిడ్జి మెట్ల మీద కూలబడి చెవులు మూసుకుని, పిడికిలితో తల కొట్టుకోవడం మొదలుపెట్టాడు. క్షణంలో చుట్టూ ఇరవై మంది. "ఫిట్స్ ఫిట్స్" అని ఒకాయన తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టబోయాడు. ఇంకొకామె నీళ్లు చల్లబోయింది. అందరివీ మంచి మనసులే, కానీ ఆ మంచితనమే వాడి మీద పడే ఇంకో శబ్దం. నేను చేసింది ఇంతే: వాడికీ జనానికీ మధ్య వీపు తిప్పి నిలబడ్డాను. నా చున్నీ వాడి తల మీద కప్పాను, వాడికి అది ఇష్టమని తెలుసు కాబట్టి. వాడు తల కొట్టుకునే చోట నా సంచీ అడ్డం పెట్టాను. ఒక్క మాట మాట్లాడలేదు. రైలు పోయింది. నలభై నిమిషాల తర్వాత "రైలు పోయింది కదా" అన్నాడు. "పోయింది, ఇంకోటుంది" అన్నాను. మొత్తం అయిపోయాక వాడికి నిద్ర, నాకు వణుకు.

అలిగి ఏడ్చే పిల్లాడు మధ్యలో ఓరకంట మనల్ని చూస్తాడు, కావలసింది ఇస్తే ఆపుతాడు. మెల్ట్‌డౌన్‌లో ఉన్నవాడికి ఏదిచ్చినా ఆగదు, ఎవరు చూస్తున్నారో పట్టదు. అప్పుడు ఎందుకు, ఏమిటి అని అడగొద్దు, బుద్ధి చెప్పొద్దు. కొందరు అరవరు, రాయిలా బిగుసుకుని మాట పడిపోతారు. అది కూడా అదే, నిశ్శబ్దంగా వచ్చేది. ఇప్పుడు మా తమ్ముడి జేబులో ఒక చీటీ ఉంటుంది: "ప్లాట్‌ఫాం మారవచ్చు. మారితే అక్క చెయ్యి చూపిస్తుంది. రైలు తప్పితే ఇంకో రైలుంది." మార్పు రాదని మాట ఇవ్వలేం కాబట్టి, మార్పు వస్తే ఏం చేయాలో ముందే రాసిపెట్టడం మేం నేర్చుకున్నది.

మందు సంగతికి ముందు రెండు విషయాలు చూడండి. ఒకటి, ఒళ్లు. 13 ఏళ్ల పిల్లాడిలో హఠాత్తుగా మార్పు వస్తే పన్ను నొప్పి, మలబద్ధకం, చెవి, గొంతు ఇవన్నీ ఒకసారి డాక్టరుతో చూపించండి. నొప్పి ఉన్నా చెప్పలేని పిల్లలు చాలామంది ఉంటారు. ఆటిజంలో మూర్ఛ మామూలు వాళ్లకంటే ఎక్కువగా కనబడుతుంది, ఈడొచ్చే వయసులో మొదలయ్యే అవకాశం ఉంది. ఉన్నట్టుండి చూపు నిలిచిపోవడం లాంటివి ఉంటే న్యూరాలజిస్టుకు చెప్పండి. రెండు, బస్సులో ఎవరైనా ఏడిపిస్తున్నారా? "ఎవరన్నా కొడుతున్నరా?" అని అడిగితే లేదంటాడు, ఎందుకంటే కొట్టలేదు, టిఫిన్ డబ్బా లాక్కున్నారు. ఇట్లాంటి పిల్లలు మనం అడిగిన ప్రశ్నకే జవాబు చెప్తారు. బస్సులో సీట్ల బొమ్మ గీసి, ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఏం చేస్తారు అని రాయించండి.

ఇక మందు. ఆటిజానికి మందు లేదు, ఉందని స్టెమ్ సెల్స్, చెలేషన్ (ఒంట్లోని లోహాలను తీసేస్తామనే చికిత్స) పేర్లతో లక్షలు అడిగేవాళ్ల దగ్గర ఆగకండి. యాంగ్జైటీకి మందులు ఉన్నాయి. ఫ్లుఓక్సెటిన్, సెర్ట్రాలిన్ లాంటివి డాక్టర్లు వాడతారు. ఆటిజం ఉన్న పిల్లల్లో వాటి మీద ఆధారం మిగతా పిల్లల్లో ఉన్నంత గట్టిగా లేదు, కొందరికి మొదట్లో చిరాకు, నిద్రలేమి పెరుగుతాయి. అందుకే చాలా తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. మీకు రిస్పెరిడోన్ గానీ అరిపిప్రజోల్ గానీ రాసిస్తే, అది దేనికోసమో అడగండి. అమెరికా ఎఫ్‌డీఏ (మందులకు అనుమతిచ్చే సంస్థ) వాటిని వరుసగా 2006లో, 2009లో ఒప్పుకున్నది ఆటిజం పిల్లల్లో తీవ్రమైన చికాకు, దూకుడు కోసం, బుగులు కోసం కాదు. బరువు పెరగడం వాటితో వచ్చే పెద్ద ఇబ్బంది. నా అభిప్రాయం అడిగితే, తిండి, నిద్ర నిలబడి బడికి పోగలుగుతున్నంత వరకు ముందు పైన చెప్పినవి చేసి చూడండి. నిద్ర పోయినా, తిండి మానేసినా, తనను తాను గాయపరచుకోవడం పెరిగినా ఆగొద్దు, సైకియాట్రిస్టును కలవండి. మందుకు సిగ్గుపడాల్సింది లేదు. మొదలుపెట్టినదాన్ని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు.

ఎవరి దగ్గరికి పోవాలంటే, వరంగల్‌లో ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది, ఒకసారి పోయి వస్తే మంచిది. రాత్రిపూట మీకే బుగులైతే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. సర్టిఫికెట్ తీసుకోకపోతే ఇప్పుడే మొదలుపెట్టండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో ఆటిజం ఒకటి. ఆటిజం తీవ్రతను కొలిచే ఐఎస్ఏఏ (ISAA) అనే స్కేలుతో అంచనా వేసి శాతం ఇస్తారు. 40 శాతం గానీ, అంతకంటే ఎక్కువ గానీ వస్తే పరీక్షల్లో అదనపు సమయం లాంటివి అడిగే హక్కు వస్తుంది. పదో తరగతి దగ్గరికి వచ్చేసరికి ఆ అదనపు సమయం మీవాడి టెన్షన్‌లో పెద్ద భాగాన్ని తీసేస్తుంది, మార్కుల కోసం కాకపోయినా దానికోసమైనా తీసుకోండి.

అత్తమ్మగారితో వాదన పెట్టుకోకండి. దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, మిరపకాయల ఘాటు వాడికి పడితేనే. నా అనుభవంలో పెద్దవాళ్లకు చెప్పే దారి ఒకటే: వాదించకుండా కార్డు చూపించే పని ఆమెకే అప్పజెప్పండి. పది రోజుల్లో ఆమే పక్కింటి వాళ్లకు చెబుతుంది, "మా మనుమనికి మాట మార్చొద్దు, మారిస్తే బుగులు పడతడు" అని.

రేపు పొద్దున చేయాల్సింది చిన్నది. బడికి ఫోన్ చేసి ఆ రూటుకు వచ్చే డ్రైవర్లు ఎంతమందో అడగండి. ఇద్దరో ముగ్గురో ఉంటారు. బస్సు ఆగినప్పుడు "అన్నా, మా బాబు కోసం ఒక ఫొటో" అని వాళ్లను అడిగి తీయండి, ఎవరూ కాదనరు. ఫొటోలు ప్రింట్ తీయించి పేర్లు రాసి వంటింటి తలుపుకు అతికించండి. ఆ రోజు ఎవరు వస్తున్నారో బడి వాళ్లు ఏడున్నరకల్లా ఒక మెసేజ్ పెడితే చాలు, వాడే పోయి ఆ ఫొటో కింద టిక్కు పెడతాడు. పదిహేను రోజులు ఏ పూట ఎన్నిసార్లు అడిగాడో, కడుపునొప్పి ఏ రోజు రాలేదో ఒక నోటుబుక్కులో రాయండి. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు ఆ పుస్తకం తీసుకుపొండి.